ఆల్ ఇన్ (పేకాట)

ఆల్ ఇన్ అనగా పోకర్ ఆటలో ఒక ఆటగాడు తన ముందున్న సొమ్మంతా ఒకేసారి పందెం కాయడం. దీనిని తెలుగులో సర్వస్వం ఒడ్డడం అని చెప్పవచ్చును. అవతలి ఆటగాడు ఆ పందేనికి సమానమైన సొమ్ము పెట్టి ముక్కలు చూపమనడాన్ని కాల్ అనీ, ముక్కలు పడేసి తప్పుకోవడాన్ని ఫోల్డ్ అనీ అంటారు. కాల్ చేయాలా, తప్పుకోవాలా అన్నది పేకాటలో అతి కష్టమైన నిర్ణయాలలో ఒకటి. గోదావరి జిల్లాలలో ఎక్కువమందికి తెలిసిన మూడు ముక్కలాటలో చివరికి మిగిలిన ఇద్దరిలో ఒకరు "షో" అడిగేటప్పుడు ఎదురయ్యే ప్రశ్న కూడా దాదాపు ఇదే.

నియమాలు

పోకర్ గదులలో సాధారణంగా "బల్లమీది సొమ్ము" నియమం అమలులో ఉంటుంది. ఆట మొదలైనప్పుడు బల్లమీద ఉన్న సొమ్ముకు మించి ఎవరూ పందెం కాయరాదు, జేబులోనుండి తీసి కలపరాదు. తక్కువ సొమ్ము ఉన్న ఆటగాడు ఉన్నదంతా పెట్టి ఆటలో కొనసాగవచ్చును గాని, ఇతరులనుండి తాను పెట్టినంత మేరకే గెలవగలడు. ఉదాహరణకు ముగ్గురు ఆటగాళ్ళు వరుసగా 300, 800, 800 రూపాయలు పెడితే, 900 రూపాయలు ప్రధాన మొత్తంగానూ, మిగిలిన 1000 రూపాయలు పక్క మొత్తంగానూ విడదీస్తారు. 300 పెట్టిన వ్యక్తి 900కు మాత్రమే పోటీదారు.

ఎదురెదురుగా కూర్చుని ఆడేటప్పుడు నోటితో "కాల్" అన్నమాట సాధారణంగా వెనక్కు తీసుకోరానిది. అందుచేత సమాధానం చెప్పేముందు పందెం ఎంతో లెక్కించమని పంచేవానిని అడగడం మంచి పద్ధతి.

నిర్ణయం వెనుక లెక్క

ఈ నిర్ణయానికి మూలం ఒక చిన్న భాగహారం. కాల్ చేయడానికి పెట్టవలసిన సొమ్మును, కాల్ చేసిన తరువాత మధ్యలో ఉండే మొత్తం సొమ్ముతో భాగించాలి. వచ్చిన శాతం కంటె గెలుపు అవకాశం ఎక్కువగా ఉంటే కాల్ లాభసాటి, తక్కువగా ఉంటే నష్టం.

ఉదాహరణకు మధ్యలో 600 రూపాయలు ఉండగా ప్రత్యర్థి తనవద్దనున్న 400 రూపాయలూ ఒడ్డినాడనుకొందాం. ఇప్పుడు మధ్యలో 1000 ఉన్నాయి. కాల్ చేస్తే మొత్తం 1400 అవుతుంది. 400ను 1400తో భాగిస్తే సుమారు 28.6 శాతం వస్తుంది. అంటే పది ఆటలలో మూడు గెలిచే అవకాశం ఉన్నా కాల్ సరియైనదే. ప్రతిసారీ ప్రత్యర్థికంటె మంచి ముక్కలు ఉండవలసిన అవసరం లేదు.

టెక్సాస్ హోల్డెం అనే రకంలో ప్రతి ఆటగాడికి రెండు సొంత ముక్కలు, అందరికీ కలిపి ఐదు ఉమ్మడి ముక్కలు ఉంటాయి. చేతిలో రెండు ఆఠీను ముక్కలు, తెరచిన మూడు ఉమ్మడి ముక్కలలో రెండు ఆఠీన్లు ఉన్నాయనుకొందాం. కనబడని 47 ముక్కలలో 9 ఆఠీన్లు మిగిలి ఉన్నాయి. ఇంకా తెరవవలసిన రెండు ముక్కలలో కనీసం ఒకటి ఆఠీను కావడానికి అవకాశం సుమారు 35 శాతం. రంగు కుదిరితే గెలుపు, లేకుంటే ఓటమి అనుకొంటే, పై లెక్కలో కావలసినది 28.6 శాతమే కనుక కాల్ చేయవచ్చును. ఇటువంటి ఆటలు వంద ఆడితే సగటున ఆటకు సుమారు 90 రూపాయల లాభం వస్తుంది. ఇంకా తెరవవలసినది ఒక్క ముక్కే అయితే అవకాశం 20 శాతానికి లోబడి ఉంటుంది. అప్పుడు అదే పందేనికి తప్పుకోవడం మేలు.

ప్రత్యర్థి ముక్కల అంచనా

ప్రత్యర్థి చేతిలో ఏమున్నదో తెలియదు కనుక ఒకే చేతిని ఊహించుకోవడం పొరపాటు. అతడు ఏయే ముక్కలతో ఇంత పందెం కాయగలడో అవన్నీ లెక్కలోనికి తీసుకోవాలి. ఉదాహరణకు ఒక ఆటగాడి చేతిలో రెండు రాజులున్నాయి. ఉమ్మడి ముక్కలు తెరవకముందే ప్రత్యర్థి సర్వస్వం ఒడ్డినాడు. అతనివద్ద రెండు ఆసులు గాని, రెండు రాణులు గాని, ఒక ఆసు ఒక రాజు గాని ఉండవచ్చుననుకొందాం. రెండు ఆసులు 6 విధాలుగా, రెండు రాణులు 6 విధాలుగా రావచ్చును. రెండు రాజులు ఇప్పటికే బయటపడినందున ఆసు-రాజు కలయిక 8 విధాలుగా మాత్రమే వస్తుంది. ఆసులపై రాజుల జత గెలిచే అవకాశం సుమారు 18 శాతం, రాణులపై 82 శాతం, ఆసు-రాజుపై సుమారు 70 శాతం. అన్నింటి సగటు సుమారు 58 శాతం. "ఆసులే ఉన్నాయేమో" అనే భయం ఒక్కటే తప్పుకోవడానికి చాలదని ఈ లెక్క తెలుపుతుంది.

చేతిలో ఏమీ లేకుండా బెదిరించడాన్ని బ్లఫ్ అంటారు. మధ్యలో 500 ఉండగా ప్రత్యర్థి మరో 500 ఒడ్డితే, కాల్ చేయడానికి మూడింట ఒకవంతు గెలుపు అవకాశం కావాలి. బ్లఫ్‌ను మాత్రమే ఓడించగల ముక్కలున్నవారు, ఆ ప్రత్యర్థి ఇటువంటి పందెం కాసే ప్రతి మూడుసార్లలో ఒకసారికంటె ఎక్కువగా బెదిరిస్తాడా అని ఆలోచించుకోవాలి. చేతుల వణుకు, చూపు, మాటతీరు వంటి గుర్తులు నమ్మదగినవి కావు. ఆ ఆటగాడు ఇంతకుముందు ఎటువంటి ముక్కలతో ఎంత పందెం కాసినాడన్నది వాటికంటె ఎక్కువ ఉపయోగపడుతుంది.

మూడు ముక్కలాటలో

52 ముక్కల పేకనుండి మూడు ముక్కలు 22,100 విధాలుగా వస్తాయి. వీటిలో ఒకే అంకె ముక్కలు మూడు వచ్చేవి 52, ఒకే రంగు వరుసలు 48, ఇతర వరుసలు 720, వరుస కాని ఒకే రంగువి 1,096, జతలు 3,744. మిగిలిన 16,440 ఏమీ కుదరనివి. అంటే నూటికి 74 చేతులలో జత కూడా ఉండదు.

ఈ కారణంచేత చిన్న జత కూడా గొప్పగా కనిపిస్తుంది. మధ్యలో 900 ఉండగా షో అడగడానికి 300 పెట్టవలసివస్తే, కావలసిన గెలుపు అవకాశం 25 శాతం. ముక్కలు చూడకుండా ఆడుతున్నవానిపై జత ఉన్నవారు షో అడగడం సమంజసం. కాని ముక్కలు చూసుకొని పలుమార్లు పందెం పెంచినవాని చేయి ఏదో ఒక చేయి కాదు. అతడు బలహీనమైన చేతులతో చాలావరకు ముందే తప్పుకొని ఉండేవాడు. 74 శాతం అనే అంకె అతనికి వర్తించదు.

సాధారణ పొరపాట్లు

* ఇప్పటికే పెట్టిన సొమ్మును చూసి కాల్ చేయడం. మధ్యలోకి వెళ్ళిన సొమ్ము ఎవరిదీ కాదు. ఇకమీద పెట్టవలసినది, రాగలది మాత్రమే లెక్కించాలి.
* పోయినదానిని ఒక్క ఆటలో రాబట్టాలనుకోవడం. గత ఆటల ఫలితం పేకముక్కలకు తెలియదు.
* ఫలితాన్నిబట్టి నిర్ణయాన్ని తూచడం. 82 శాతం అవకాశంతో చేసిన కాల్ కూడా సుమారు ఆరింట ఒకసారి ఓడిపోతుంది.
* టోర్నమెంటులో మామూలు లెక్కనే వాడడం. అక్కడ ఉన్న చిప్పులన్నీ పోతే ఆటనుండి నిష్క్రమణ. అందువలన పోయే చిప్పుల విలువ వచ్చే చిప్పుల విలువకంటె ఎక్కువ, కాల్‌కు మరింత అవకాశం అవసరం.

మహాభారతంలో సర్వస్వ పందెం

నన్నయ రాజరాజ నరేంద్రుని ఆస్థానంలో, రాజమహేంద్రవరంలో 11వ శతాబ్దంలో తెనిగించిన ఆంధ్ర మహాభారత భాగంలో రెండు ప్రసిద్ధ జూదకథలు ఉన్నాయి. సభాపర్వంలో ధర్మరాజు సంపదను, రాజ్యాన్ని, తమ్ములను, తనను, చివరకు ద్రౌపదిని ఒడ్డి ఓడిపోతాడు. అరణ్యపర్వంలోని నలోపాఖ్యానంలో నలుడు పుష్కరునితో ఆడి రాజ్యం పోగొట్టుకొంటాడు గాని, దమయంతిని ఒడ్డమన్నప్పుడు నిరాకరించి వెళ్ళిపోతాడు. తరువాత ఋతుపర్ణునివద్ద అక్షహృదయం అనే విద్య నేర్చి తిరిగి గెలుస్తాడు. చెట్టు ఆకులను, కాయలను చూడగానే లెక్క చెప్పగల ఋతుపర్ణుని కథ సంభావ్యతాశాస్త్ర చరిత్ర వ్రాసేవారిని కూడా ఆకర్షించినది.

ధర్మరాజు ఆడిన ఆటలో బల్లమీది సొమ్ము నియమం వంటిది లేదు. సర్వస్వాన్ని పదేపదే ఒడ్డేవానికి మంచి అవకాశం కూడా రక్షణ కాదు. ప్రతిసారీ 82 శాతం గెలుపు అవకాశం ఉన్నా, వరుసగా నాలుగుసార్లు ఉన్నదంతా ఒడ్డితే నాలుగూ గెలిచే అవకాశం 45 శాతమే. సగం కంటె ఎక్కువసార్లు చేతిలో ఏమీ మిగలదు. కాబట్టి కాల్ లెక్క ఎంత సరియైనదైనా, అది పోయినా ఇబ్బంది లేని సొమ్ముకు మాత్రమే వర్తిస్తుంది. ఇంటి ఖర్చు, అప్పు తెచ్చిన సొమ్ము, పంట పెట్టుబడి ఈ లెక్కలోనికి రావు.

చట్టం

సంక్రాంతి రోజులలో భీమవరం, కోనసీమ ప్రాంతాలలో కోడిపందేల బరులవద్ద పేకాట, గుండాట కూడా సాగుతుంటాయి. ఆంధ్రప్రదేశ్‌లో వీటికి 1974 నాటి గేమింగ్ చట్టం వర్తిస్తుంది. సికింద్రాబాదులోని ఒక క్లబ్బుకు సంబంధించిన కె.సత్యనారాయణ కేసులో 1967లో సుప్రీంకోర్టు, రమ్మీ ప్రధానంగా నైపుణ్యంతో కూడిన ఆట అనీ, మూడు ముక్కలాట కేవలం అదృష్టంపై ఆధారపడినది అనీ పేర్కొన్నది. 2020లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 1974 చట్టాన్ని సవరించి, డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ రమ్మీ, పోకర్ వంటివాటిని నిషేధించినది. 2025లో పార్లమెంటు ఆమోదించిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం నైపుణ్యం, అదృష్టం అనే భేదం లేకుండా డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటలను దేశమంతటా నిషేధించినది. 1872 నాటి భారత ఒప్పందాల చట్టంలోని 30వ సెక్షను ప్రకారం పందెపు ఒప్పందాలు చెల్లవు. పందెంలో గెలిచిన సొమ్ము ఇవ్వకపోతే కోర్టుద్వారా రాబట్టుకొనే వీలు లేదు.

ఇవి కూడా చూడండి

* పేకాట
* రమ్మీ
* సంభావ్యత
* కోడిపందెం
* నలోపాఖ్యానం