బండి ఎందుకు ఆగింది?

పిల్లలూ! తెల్లవారుజామున విజయవాడ నుంచి కంకిపాడు, ఉయ్యూరు వైపు పోయే దారిలో ఎప్పుడైనా నిలబడి చూచారా? చీకటి ఇంకా పూర్తిగా విడవదు. కాలువ గట్ల మీదినుంచి, పొలాల మధ్య డొంకల్లోనుంచి "టుర్‌ర్‌ర్" మంటూ చిన్న చిన్న బండ్లు ఒక్కొక్కటే రోడ్డెక్కుతవి. ఒక బండికి రెండు పక్కలా పాలక్యాన్లు. ఇంకొక బండి మీద గడ్డిమోపు. ఆ మోపు ఎంత పెద్దదంటే, నడిపే మనిషి కనిపించడు, గడ్డే పరుగెత్తుకు వస్తున్నట్టుంటుంది. మరొక దాని మీద వంకాయల బుట్టలు, ఆ బుట్టల నడుమ బడికి పోయే పిల్లవాడు! చూచేవారికి నవ్వు వస్తుంది గాని, ఈ డెల్టాలో ఎన్నో సంసారాలు ఆ చిన్న బండి మీదనే సాగుతున్నవి.

అటువంటి బండి నడిదారిలో ఆగిపోయిందనుకోండి. పాలకేంద్రం వ్యాను దానికోసం ఆగదు. వేసవిలో ఎండ ఎక్కిన తరువాత క్యానులోని పాలు ఎంతసేపు నిలుస్తవి? విరిగిపోతవి. ఆ పూట రాబడి పోయినట్టే. అందువల్ల "బండి ఎందుకు ఆగింది?" అన్నది ఆ ఇంటికి చాలా పెద్ద ప్రశ్న. దానికి జవాబు ఎలా వెతుకుతారో ఇప్పుడు చూద్దాం.

ఈ బండికి మోపెడ్ అని పేరు. ఆ మాట 1952లో స్వీడన్ దేశంలో పుట్టింది. "మోటారు"లో ముందు ముక్క, "పెడలు"లో ముందు ముక్క తీసి అతికించారు. బండి మాత్రం పేరుకంటే పాతది. ఫ్రాన్సులో 1946 నుంచి వెలోసోలెక్స్ అనే బండి అమ్మేవారు. దాని ఇంజను ముందు చక్రం పైన కూర్చుని ఉండేది. ఇంజను ఒక రోలరును తిప్పితే, ఆ రోలరు టైరును ఒరుసుకుంటూ చక్రాన్ని తిప్పేది. వానకు టైరు తడిస్తే రోలరు జారేది, బండి నడక మందగించేది! మన దేశంలో 1972లో లూనా వచ్చింది. దానికి సైకిలు లాగా పెడళ్ళు కూడా ఉండేవి కనుక, పెట్రోలు అయిపోతే తొక్కుకుంటూ ఇంటికి చేరేవారు. 1980లో హోసూరు నుంచి టి.వి.ఎస్. 50 వచ్చింది. ఇద్దరు కూర్చోవచ్చు. ఆ వంశంలోదే మీరు రోజూ చూచే ఎక్సెల్ బండి.

50 సీసీ అంటే ఎంతో తెలుసా? మందు తాగించే చెంచాతో పది చెంచాల నీరు పట్టేంత చోటు. ఇంజనులో పిస్టను కదిలే చోటు అంతే! అంత చిన్న గదిలో నిమిషానికి కొన్నివేల సార్లు మంట పుట్టి, పిస్టనును తోసి, ఆరిపోతూ ఉంటుంది.

ఆ మంట పుట్టాలంటే మూడు కావాలి. పెట్రోలు ఆవిరి, గాలి తగుపాళ్ళలో కలిసి రావాలి. ఆ కలిసినది పిస్టను పైన బాగా నలిగి ఒత్తుకోవాలి. సరిగ్గా ఆ సమయానికి ప్లగ్గు దగ్గర నిప్పురవ్వ పడాలి. దీన్ని మెకానిక్కులు "కరెంటు" అంటారు. ఇంజను మొరాయించినప్పుడల్లా ఈ మూడింటిలో ఏదో ఒకటి రాలేదన్నమాట. కనుక మంచి మెకానిక్కు వచ్చీరాగానే స్పానరు పట్టడు. నోరు విప్పి అడుగుతాడు: "ఎలా ఆగింది?"

ఈ ఒక్క ప్రశ్నకు విలువ చాలా ఉంది. దీపం ఆర్పినట్టు ఠక్కున ఆగిపోయిందంటే ముందు కరెంటును అనుమానించాలి. ప్లగ్గు తీగ ఊడిందేమో, ప్లగ్గుకు మసి పట్టిందేమో చూడాలి. అలాకాక దగ్గుతూ, ఈడుస్తూ, రెండుసార్లు గుంజి ఆగిందంటే పెట్రోలు సరిగా అందలేదు. ఈ రెండూ కాక, నెల రోజులుగా రోజురోజుకూ నీరసించిందంటే, సైలెన్సరులో మసి పేరుకొని పొగకు దారి ఇరుకయిందేమో చూడాలి. పాత ఎక్సెల్ బండ్లలో పెట్రోలులోనే నూనె కలిపి పోసేవారు. ఆ నూనె కొంత కాలి, కొంత కాలక మసిగా మిగిలేది. ఇంట్లో వంటచేసే పొయ్యికి పొగగొట్టం మూసుకుంటే ఏమవుతుంది? పొగ వెనక్కి తన్ని పొయ్యి మండదు. ఇదీ అంతే.

నూనె కలపడం కూడా లెక్క ప్రకారం చేయవలసిన పని. ఉదాహరణకు, 25 పాళ్ళ పెట్రోలుకు ఒక పాలు నూనె అని చెప్పారనుకోండి. లీటరుకు ఎన్ని మిల్లీలీటర్లు? చేతివేళ్ళు పక్కన పెట్టి నోటిలెక్క చేయండి. 40 అని వచ్చిందా? సరే. కొందరు "ఎక్కువ పోస్తే ఇంజనుకు బలం" అని రెండింతలు పోసేవారు. ఇంజనుకు బలం రాలేదు, ప్లగ్గుకు మసి మాత్రం వచ్చింది. తక్కువ పోసినవారి పిస్టను ఎండి పట్టేసింది. ఎవరి బండికి ఎంత కలపాలో దాని తయారీదారు చెప్పిన లెక్కే సరి. 2015లో వచ్చిన ఎక్సెల్ 100కు ఈ బాధ లేదు. అది నాలుగు దెబ్బల ఇంజను, నూనె విడిగా ఉంటుంది. 2020 నుంచి వచ్చిన వాటిలో కార్బొరేటరు కూడా పోయి, పెట్రోలును లెక్కగా చిమ్మే ఏర్పాటు వచ్చింది. అయినా గట్ల మీద పాత బండ్లు ఇంకా తిరుగుతూనే ఉన్నవి.

ప్లగ్గు ఒక చిన్న ఉత్తరం వంటిది. చదవడం వస్తే ఇంజను లోపలి సంగతంతా చెబుతుంది. దాని కొస లేత గోధుమరంగులో ఉంటే లోపల అంతా బాగున్నట్టు. నల్లగా, తడిగా, జిడ్డుగా ఉంటే పెట్రోలో నూనో ఎక్కువైంది. తెల్లగా, సున్నం కొట్టినట్టుంటే గాలి ఎక్కువ, పెట్రోలు తక్కువ, వేడి మితిమీరింది. ప్లగ్గు కొసలో రెండు లోహపు ముక్కల నడుమ అర మిల్లీమీటరుకు కొంచెం పైన ఖాళీ ఉంటుంది. వేరే దారి లేక కరెంటు ఆ ఖాళీని దూకుతుంది, ఆ దూకుడే రవ్వ. నడుమ వెంట్రుకంత మసి అడ్డం పడిందా, కరెంటు దాని మీదుగా హాయిగా నడిచిపోతుంది. ఇక దూకడం ఎందుకు? రవ్వ లేదు, బండి లేదు.

ఇప్పుడు మీకొక చిక్కు సమస్య. చదవడం ఆపి ఆలోచించండి.

ఒక పాలవ్యాపారి బండి ఇంటి దగ్గర ఒక్క దెబ్బకే స్టార్టయ్యేది. రెండు మైళ్ళు పోగానే గుంజి గుంజి ఆగిపోయేది. ఎంత కొట్టినా కదిలేది కాదు. ఆయన విసిగి పక్కన కూర్చుని పది నిమిషాలు గడిచాక కొడితే మళ్ళీ స్టార్టయ్యేది! మళ్ళీ రెండు మైళ్ళకు అదే కథ. ట్యాంకులో పెట్రోలు సగం ఉంది. ఒకరు ప్లగ్గు మార్చారు. ఒకరు కార్బొరేటరు విప్పి కడిగారు. ఇంకొకరు రెండూ చేసి, పెట్రోలు గొట్టం కూడా మార్చి డబ్బు తీసుకున్నారు. బండి మాత్రం తన పద్ధతి మార్చుకోలేదు.

ఎక్కడ ఉంది లోపం?

గుంజి ఆగుతున్నది కనుక పెట్రోలు వైపే చూడాలి. గొట్టంలో చెత్త అడ్డం పడి ఉంటే పది నిమిషాలు కూర్చున్నంత మాత్రాన అది ఎక్కడికి పోతుంది? కనుక చెత్త కాదు. కూర్చున్న ఆ పది నిమిషాల్లో తనంతట తానే సర్దుకునేది ఏదో ఉండాలి. ఏమిటది?

మీ ఇంట్లో నూనె డబ్బా తెరిచేటప్పుడు అమ్మ ఏం చేస్తుందో గుర్తు తెచ్చుకోండి. ఒక కన్నం పొడిచి వంచితే నూనె "గుడుగుడు" మని కొంచెం వచ్చి ఆగుతుంది. ఎదురు మూలలో రెండో కన్నం పొడవగానే ధారగా వస్తుంది. రెండో కన్నం గుండా గాలి లోపలికి పోయి, కారిన నూనె ఖాళీ చేసిన చోటును నింపుతుందన్నమాట. గాలికి దారి లేకపోతే లోపల ఒత్తిడి తగ్గుతుంది, బయటి గాలి ఒత్తిడి నూనెను కిందికి రానివ్వదు.

పెట్రోలు ట్యాంకుకు ఆ రెండో కన్నం మూతలో ఉంటుంది. సన్నటి సూదిరంధ్రం. మన నల్లరేగడి గట్టు మీద వేసవిలో దుమ్ము, వానకు బురద. ఆ రెండూ కలిసి ఆ రంధ్రాన్ని మెత్తేశాయి. రెండు మైళ్ళు పోయేసరికి లోపల ఒత్తిడి తగ్గి పెట్రోలు దిగడం ఆగేది. పది నిమిషాల్లో మూత అంచుల నుంచి ఎలాగో గాలి జొరబడి మళ్ళీ దిగేది. కనిపెట్టినాయన కొత్త సామాను ఒక్కటీ వేయలేదు. బండి ఆగిన చోటనే మూత తిప్పాడు. "సుస్" మని గాలి లోపలికి పోయింది. వెంటనే బండి స్టార్టయింది. ఆ తరువాత మూతను బండికి దూరంగా పెట్టి కడిగి, సన్నటి తీగతో రంధ్రం తుడిచాడు. అయిపోయింది!

ఆయన మిగతావారికంటే ఎక్కువ పనిముట్లు తెచ్చుకోలేదు. ఒక్కసారికి ఒక్కటే మార్చి చూచాడు. మూడు మార్పులు ఒకేసారి చేస్తే, బండి బాగుపడినా ఏది బాగుచేసిందో తెలియదు. బాగుపడకపోతే ఏది కాదో కూడా తెలియదు. విజయవాడ ఆటోనగర్‌లో మీ నాన్నగారితో కలిసి ఏదైనా షెడ్డు ముందు అరగంట నిలబడితే ఈ తేడా మీరే కనిపెట్టవచ్చు. పేరున్న పనివాడు చెవి ఒగ్గి వింటాడు, తొందరపడి విప్పడు.

వానాకాలం సంగతి వేరు. నీరు పెట్రోలుకంటే బరువు కనుక ట్యాంకులో పడ్డ నీరు అడుగుకు చేరుతుంది, అక్కడినుంచి కార్బొరేటరు అడుగునున్న గిన్నెలోకి దిగుతుంది. పైన పెట్రోలు నిండుగా కనిపిస్తున్నా ఇంజనుకు అందేది నీరే! 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి సింగ్ నగర్ వంటి పేటలు మునిగినప్పుడు ఎన్ని బండ్లు నీళ్ళలో నానిపోయినవో విజయవాడ పిల్లలు కళ్ళారా చూచారు. నీళ్ళు తీయగానే ఆత్రంగా కిక్కు కొట్టడం తగదు. గాలిని నలపవచ్చు, నీటిని నలపలేము. పిస్టను పైన నీరు నిలిచి ఉండగా ఇంజను తిరిగితే పిస్టనును పట్టి ఉండే కడ్డీ వంగవచ్చు. ముందు ప్లగ్గు విప్పి, నీరు కారనిచ్చి, పెట్రోలు, నూనె పారబోసి కొత్తవి పోయాలి. నాలుగు దెబ్బల ఇంజనులో నూనె పాలు కలిపిన కాఫీ రంగులో కనిపిస్తే దానిలో నీరు చేరిందని గుర్తు.

పిల్లలూ, ఇదంతా చూచి తెలుసుకోవడానికి చెప్పాను. విప్పే పని పెద్దలది. ముఖ్యంగా పెట్రోలు దగ్గర బీడీ, అగ్గిపుల్ల, దీపం వద్దు. పెట్రోలు ఆవిరి గాలికంటే బరువు. పొగలాగా పైకి పోదు, కంటికి కనిపించకుండా నేలమీద పాకుతూ అల్లంత దూరాన ఉన్న పొయ్యి దాకా పోగలదు. తల్లిదండ్రులకు కూడా ఒక మాట: వంటింటి గుమ్మం పక్కన బండి పెట్టి పెట్రోలు గొట్టం విప్పకండి.

2024లో లూనా మళ్ళీ వచ్చింది, ఈసారి బ్యాటరీతో. దానికి పెట్రోలు లేదు, ప్లగ్గు లేదు, సైలెన్సరు లేదు. ఆగితే మాత్రం మళ్ళీ అదే ప్రశ్న: ఎలా ఆగింది? అక్కడ వెతకవలసినవి బ్యాటరీ, తీగలు, మోటారు.

చివరగా ఇంకొక చిక్కు. ఇంజనుకూ చక్రానికీ నడుమ క్లచ్చు ఉంటుంది. ఎక్సెల్ బండిలో దాన్ని చేత్తో నొక్కే పని లేదు. ఇంజను వేగంగా తిరిగినప్పుడు, తిరునాళ్ళలో రంగులరాట్నం తొట్లు బయటికి విసిరినట్టు, దానిలోని బిళ్ళలు బయటికి విచ్చుకొని చుట్టూ ఉన్న గిన్నెను పట్టుకుంటవి. పట్టు కుదిరితే చక్రం తిరుగుతుంది. సరే, ఒక బండి చదును రోడ్డు మీద చక్కగా పోతున్నది. రెండు పాలక్యాన్లతో కాలువ గట్టు ఎక్కేటప్పుడు మాత్రం ఇంజను గీపెడుతున్నది, చక్రం మందగిస్తున్నది, ఎక్కడో మాడిన వాసన కూడా వస్తున్నది. పెట్రోలు వస్తున్నది, కరెంటు వస్తున్నది, సైలెన్సరు శుభ్రంగా ఉన్నది. లోపం ఎక్కడ ఉన్నదో, ఎందుకు అలా అనుకున్నారో కాగితం మీద రాసి మీ సైన్సు మాస్టారుకు చూపండి.