త్రాసుకు అందని మంచు

గ్రీన్‌లాండులో యాకబ్‌షావన్ వంటి హిమానీనదములు పెక్కు సముద్రములోనే అంతమగుచున్నవి. వాటి నష్టమును కొలుచుట మనము తలచినంత సులభము కాదు. మంచు నేలను విడిచి తేలబోవు చోట దాని వెడల్పు, మందము, వేగములను గుణించినచో ఏటా సముద్రము పాలగు మంచు ఎంతయో తెలియును. 2002లో ఎగిరిన గ్రేస్ జంట ఉపగ్రహములు భూమ్యాకర్షణలోని మార్పులను బట్టి మంచు తరుగుదలను తూచినవి. అయితే తేలుచున్న మంచు విరిగిపోయినచో అంతే బరువు గల నీరు ఆ చోటికి వచ్చును, త్రాసు కదలదు! మనము బడిలో చదివిన ఆర్కిమిడీస్ సూత్రమే ఇది. హిమానీనదముల అంచులను ఉపగ్రహ చిత్రములలో గుర్తించిన ఒక పరిశోధన 2024లో వెలువడినది. 1985 నుండి 2022 వరకు అంచులు వెనుకకు జరుగుటవలన సుమారు లక్ష కోట్ల టన్నుల మంచు పోయినదనియు, అది చాలవరకు పూర్వపు లెక్కలకు అందలేదనియు తేలినది. దీనివలన సముద్రమట్టము పెరుగుట స్వల్పమే. కాని ఇంత మంచినీరు ఉప్పునీట కలియుటవలన అట్లాంటిక్ ప్రవాహములు బలహీనపడునేమోనని శాస్త్రజ్ఞుల శంక.