లొంగిన క్రిమి మరల ఎట్లు వచ్చును?

తలలో నీరు చేరిన పసిబిడ్డకు అమర్చిన షంటు గొట్టమునకు క్రిమిదోషము సోకెననియు, కల్చరు పరీక్షలో ఆ క్రిమి మందుకు లొంగుచున్నదని తేలెననియు, అయినను మందు ఆపిన కొలది దినములకే జ్వరము తిరుగబెట్టగా వైద్యులు గొట్టమునే తీసివేయవలె ననుచున్నారనియు, ఇది యెట్టి వింతయో తెలుపుడనియు ఒక పాఠకురాలు వ్రాసినారు. ఇంత చక్కని ప్రశ్నను ఉపేక్షించుట నాకు సాధ్యము కాదు.

ఆ నీటిని ఉదరమునకో హృదయమునకో మళ్లించు గొట్టమే షంటు. 1956లో అమెరికాలో జాన్ హోల్టర్ అను యంత్రకారుడు తన కుమారుని వ్యాధికై సిలికోన్ కవాటమును నిర్మించిన పిదప ఈ చికిత్స వ్యాపించెను. సిలికోనుపై చేరు క్రిములలో ముఖ్యమైనది మనందరి చర్మముపై నిరపాయముగా నివసించు స్టెఫైలోకాకస్ ఎపిడెర్మిడిస్. అందుచేతనే కల్చరులో అది కనబడినప్పుడు చర్మము నుండి అంటిన మాలిన్యమని చిరకాలము త్రోసిపుచ్చిరి. 1972లో ఇంగ్లండున రోజర్ బేస్టన్, మరియొకరు కలసి, షంట్లలో దొరకిన ఈ జాతి క్రిములు విపరీతముగా జిగురును స్రవించునని చూపిరి.

ఆ జిగురులో పొరలు పొరలుగా కూడిన క్రిముల సమాజమే బయోఫిల్మ్. ఇచ్చటనే అసలు విశేషమున్నది. మందు జిగురును దాటలేదని పలువురు భావించిరి. 17వ శతాబ్దముననే, సూక్ష్మదర్శినితో క్రిములను చూచిన లీవెన్‌హుక్ తన దంతముల పాచిపై వెనిగర్ ప్రయోగించి, పైనున్న జీవులే చచ్చినవని గమనించి, అది లోనికి చొరలేదని తలచెను. కాని పెక్కు మందులు బయోఫిల్మ్ లోపలికి చొరగలవు. పైపొరల క్రిములే ఆహారమును, ప్రాణవాయువును హరించుటచే లోపలివి ఎదుగుదల మాని స్తబ్ధమై యుండును. పెనిసిలినో, క్రిమి తన కణకుడ్యమును నిర్మించుకొను వేళనే దానిని చంపగలదు. మొలకలను మాడ్చు మందు మొలకెత్తని గింజ నేమి చేయగలదు? 1944లోనే ఐర్లండు దేశీయుడు జోసెఫ్ బిగ్గర్, పెనిసిలినుకు చావక మిగిలిన కొలది క్రిములను మరల పెంచగా వాటి సంతతి యథాప్రకారము మందుకు లొంగుట చూచి, ఇది వంశానుగతమైన నిరోధశక్తి కాదని గ్రహించెను. ఆ విషయమును దశాబ్దముల పర్యంతము పట్టించుకొన్న వారు అరుదు! కావున కల్చరు పరీక్ష అబద్ధమాడలేదు. చురుకుగా పెరుగుచున్న క్రిమిని గూర్చి మాత్రమే అది చెప్పినది. మందు ఆపగానే గొట్టముపై స్తబ్ధముగా మిగిలినవి మరల పెరుగును; అందుకే గొట్టమును తీయుమనుట.

ఇక ప్రయోజనమందురా, బేస్టన్ కృషి ఫలితముగా మందు ఇమిడ్చిన గొట్టములు వచ్చినవి. బ్రిటన్, ఐర్లండులలో 1,605 మందిపై జరిగి 2019లో వెలువడిన పరిశోధనలో సాధారణ గొట్టములకు 6 శాతము క్రిమిదోషము కలుగగా, వీనికి 2 శాతమే కలిగెను. ఇవి ప్రతి శిశువునకును అందవలెను. గొట్టము తీయవలెనని వైద్యుడు చెప్పినచో, కల్చరు కాగితమును చూపి తలిదండ్రులు జాప్యము చేయవలదు.