ఆయమ్మలకూ ఓ సంఘం ఉంటే...

సాయంత్రం అయిదింటికి ఏ అపార్ట్‌మెంట్ పార్కులోకైనా వెళ్ళి చూడండి. జారుడుబల్ల దగ్గరా, ఉయ్యాల దగ్గరా పిల్లల వెంట నిలబడేది ఎక్కువగా తల్లులు కాదు, ఆయమ్మలు. ఒకరి చంకలో పది నెలల పాప, ఇంకొకరి చేతిలో నీళ్ళ సీసా, మరొకరి కొంగు పట్టుకుని మూడేళ్ళ బాబు. రోజంతా మన ఇళ్ళల్లో నాలుగు గోడల మధ్య ఉండే ఆ ఆడవాళ్ళు తమలాంటి మరో మనిషితో మాట్లాడుకునేది ఆ ముప్పావు గంటే. అదీ సగం సగం మాటలే. "వదినా, నిన్న మా ఇంట్లో ఏమైందంటే..." అని మొదలుపెట్టేలోగా బాబు మట్టి తీసి నోట్లో పెట్టుకుంటాడు. అంతటితో ఆ కబురు రేపటికి వాయిదా.

పాచిపని చేసే ఆమెకు నాలుగిళ్ళుంటాయి. ఒక ఇల్లు పోయినా మూడు మిగులుతాయి. ఆయమ్మకు ఉన్నది ఒక్క ఇల్లే. ఇరవై నాలుగు గంటల డ్యూటీ చేసే ఆమెను ఉన్నట్టుండి మానెయ్యమంటే జీతం, తిండి, తల దాచుకునే చోటు మూడూ ఒక్కరోజే పోతాయి. వీటన్నిటితో పాటు పాప కూడా పోతుంది. పురిటి స్నానాల నుంచి పెంచి, మొదటి అడుగు వేయించి, రాత్రి జ్వరం వస్తే ఒళ్ళో పడుకోబెట్టుకున్న బిడ్డను స్కూల్లో వేయగానే "ఇక నీ అవసరం లేదమ్మా, ఈ నెలాఖరుకి చూసుకో" అనేస్తాం. ఆమె ఏడిస్తే "జీతానికి చేసినదానికి ఇంత ఏడుపేమిటి?" అని ఆమె ఇంట్లోవాళ్ళే నవ్వుతారు. ఆ ఏడుపు అర్థమయ్యేది ఇంకో ఆయమ్మకే.

అందుకే పేటకో, కాలనీకో వీళ్ళదంటూ చిన్న సంఘం ఉండాలంటాను. దీన్ని మొదలుపెట్టడానికి చేయూత ఇవ్వగలిగింది కూడా మనమే. ఎందుకంటే వాళ్ళకు లేనివి రెండు. ఒకటి కూర్చునే చోటు, రెండోది తీరిక. ఆ రెండూ మన చేతుల్లో ఉన్నాయి.

"సంఘం పెడితే అందరూ కలిసి జీతాలు పెంచమంటారు, మనమే పాము తోక తొక్కినట్టవుతుంది" అనేవాళ్ళుంటారు. అడుగుతారు, నిజమే. అడగనివ్వండి. ఆఫీసులో మన ఇంటాయన ఇంక్రిమెంటు అడిగితే తప్పు లేనప్పుడు ఆమె అడిగితే తప్పెలా అవుతుంది? ఇవ్వగలిగితే ఇస్తాం, లేకపోతే లేదని చెప్తాం. పైగా లాభం మనకూ ఉంది. ఆమె ఊరెళ్ళినప్పుడు నాలుగు రోజులకు ముక్కూ మొహం తెలియని మనిషిని ఏజెన్సీకి కమీషన్ కట్టి తెచ్చుకునే బదులు, సంఘంలో ఖాళీగా ఉన్న తెలిసిన మనిషే వస్తుంది.

ఇక మొదలుపెట్టే పద్ధతి. అయిదారుగురు చాలు. నెలకొక ఆదివారం, మధ్యాహ్నం మూడు నుంచి నాలుగున్నర దాకా పెట్టుకోండి. ఆ రోజు ఇంట్లో అందరం ఉంటాం కాబట్టి గంటన్నర పిల్లల్ని మనమే చూసుకోవాలి. పిల్లల్ని చంకన వేసుకుని మీటింగుకి రమ్మంటే అది మళ్ళీ పార్కు ముచ్చటే అవుతుంది. అపార్ట్‌మెంట్ కమిటీ హాలు గానీ, గుడి మండపం గానీ, అంగన్‌వాడీ గది గానీ అడిగి ఇప్పించండి. టీ పెట్టి పంపండి, మనం తాగే కప్పుల్లోనే. వాళ్ళ కోసం వేరే గ్లాసులు తీసే ఇల్లయితే ఈ పని తలపెట్టకపోవడమే మంచిది.

అన్నిటికన్నా ముఖ్యం, టీ ఇచ్చి బయటికి వచ్చెయ్యాలి. మేడమ్ కుర్చీ వేసుకుని కూర్చున్న చోట ఆయమ్మ నోరు విప్పుతుందా? "అంతా బాగుందమ్మా" అంటుంది, అంతే. తిరిగొచ్చాక "ఏం మాట్లాడుకున్నారు?" అని ఆరా తీయడమూ కూడదు. మన ఇంటి గుట్టు బయట పడుతుందేమో అని భయం ఉంటుంది, సహజమే. దానికి వాళ్ళనే మొదటిరోజు ఒక కట్టుబాటు పెట్టుకోమనండి. కష్టం చెప్పుకోవచ్చు, ఇంటివాళ్ళ పేరు చెప్పకూడదు, విన్నది గది దాటకూడదు. చదువొచ్చిన ఒకామె పుస్తకంలో తేదీ, వచ్చినవాళ్ళ పేర్లు, అనుకున్న పనులు రాస్తే చాలు. చదువు రానివాళ్ళ కోసం ఫోన్లో వాయిస్ మెసేజీలు ఉండనే ఉన్నాయి.

కష్టసుఖాలతో పాటు ఒక్కో నెల ఒక్కో పని నేర్చుకుంటే ఆసక్తి నిలుస్తుంది. పేటలో ఉన్న నర్సమ్మను ఒక గంట రమ్మనండి. ఏడాది లోపు పాపకు గొంతులో ఏదైనా అడ్డుపడి ఊపిరాడకపోతే, తల కిందికి ఉండేలా చేతి మీద బోర్లా ఆనించి, తలకు దన్ను పట్టి, రెండు భుజాల మధ్య అయిదుసార్లు చరచాలి. అప్పటికీ రాకపోతే వెల్లకిలా తిప్పి రొమ్ము మధ్యలో అయిదుసార్లు నొక్కాలి. ఈలోగా ఇంకొకరు 108కి ఫోన్ చెయ్యాలి. ఇది వింటే వచ్చేది కాదు, బొమ్మ మీద చేసి చూడాల్సిందే. ఏడాది నిండని బిడ్డకు తేనె నాకించకూడదని, కాలితే టూత్‌పేస్టు రాయకుండా ఇరవై నిమిషాలు కుళాయి నీటి ధార కింద పెట్టాలని ఎంతమందికి తెలుసు? మనలోనూ తెలియనివాళ్ళున్నారు కాబట్టి ఆ ఒక్క క్లాసుకి మాత్రం తల్లులు కూడా కూర్చోవచ్చు.

ఇంకో సంగతి చెప్పక తప్పదు. ఇంట్లో ఉంగరం కనిపించకపోతే మొదటి అనుమానం ఆయమ్మ మీదే. సగంసార్లు అది బీరువా చీరల మడతలోనే దొరుకుతుంది. ఈలోగా ఆమె సంచీ నలుగురి ముందు విప్పించడం, పోలీసులని బెదిరించడం అయిపోతుంది. అలాంటి సమయంలో ఆమె పక్కన సంఘంలో ఇద్దరు నిలబడినా ధైర్యం. మాట తూలకుండా మనకూ అది మంచిదే.

మగవాళ్ళ వల్ల ఇబ్బంది వస్తే చట్టం ఉంది. పనిచేసే చోట లైంగిక వేధింపులపై 2013లో వచ్చిన చట్టం ఇంటి పనివాళ్ళకూ వర్తిస్తుంది. ఇల్లు కూడా పనిచేసే చోటే. మూడు నెలల లోపు జిల్లాలోని స్థానిక కమిటీకి ఫిర్యాదు ఇవ్వాలి. 181 మహిళా హెల్ప్‌లైన్ నంబరు అందరి ఫోన్లలో ఉండాలి.

ఇదేదో కొత్త వింత అనుకోకండి. అహ్మదాబాదులో 1972లోనే ఇలాభట్ అసంఘటిత మహిళల కోసం 'సేవా' స్థాపించారు. ఇంటి పనివాళ్ళ జాతీయ ఉద్యమాన్ని 1985లో సిస్టర్ జీన్ డెవోస్ మొదలుపెట్టారు. ఇంటి పనివాళ్ళకూ మిగతా కార్మికుల్లాగే హక్కులుండాలని అంతర్జాతీయ కార్మిక సంస్థ 2011 జూన్ 16న ఒప్పందం చేసింది. మన దేశం దాన్ని ఇంకా ఆమోదించలేదు గానీ ఆ తేదీని ఇంటి పనివాళ్ళ దినంగా జరుపుకుంటున్నారు.

డబ్బు విషయంలో మాత్రం నిదానం. మొదటి నెలే చీటీలు వేస్తే సంఘం చీటీ పాటగా మారి తగువులతో ముగుస్తుంది. నాలుగైదు నెలలయ్యాక, ఒకరి మీద ఒకరికి నమ్మకం కుదిరాక తలా కొంత పొదుపు మొదలుపెట్టుకోవచ్చు. ఈలోగా బ్యాంకు ఖాతా ఉన్నవాళ్ళు ప్రధానమంత్రి సురక్షా బీమాలో చేరితే ఏడాదికి 20 రూపాయలకే ప్రమాద బీమా 2 లక్షలు ఉంటుంది. 18 నుంచి 70 ఏళ్ళ వాళ్ళు అర్హులు. డబ్బు ఖాతా నుంచే తీసుకుంటారు కాబట్టి మే నెలాఖరుకు అందులో ఆ మాత్రం నిల్వ ఉండేలా చూసుకోవాలి.

2021లో వచ్చిన ఈ-శ్రమ్ కార్డు కూడా తీసుకోవాలి. 16 నుంచి 59 ఏళ్ళ మధ్య ఉండి, పీఎఫ్, ఈఎస్‌ఐ లేనివాళ్ళకు ఉచితం. రెండో మీటింగుకి ఆధార్, బ్యాంకు పుస్తకం, ఫోను తెచ్చుకోమని చెప్పండి. ఓటీపీ ఆధార్‌తో జతచేసిన నంబరుకే వస్తుంది. చాలామంది ఆయమ్మల ఆధార్లలో ఎప్పుడో ఊళ్ళో ఉన్నప్పటి పాత నంబరో, భర్త నంబరో ఉంటుంది. ఆధార్ సెంటరుకు వెళ్ళి ముందు అది మార్పించుకోవాలి. ఆ పనికి ఒక పూట సెలవు మనమే ఇవ్వాలి, జీతం కోయకుండా.