ఫ్లోరైడ్ జాడ చెప్పే జీవ సూచికలు



సంతలో ఎద్దును బేరమాడే రైతు ముందుగా దాని నోరు తెరిచి పళ్ళు చూస్తాడు. వేసిన పళ్ళను బట్టి వయసు చెప్పేస్తాడు. ఇలా పైకి తెలియని సంగతిని తెలిపే ఒంటి గుర్తులను శాస్త్రవేత్తలు జీవ సూచికలు అంటారు. మారండహళ్ళి, పాలక్కోడు వైపు ఉన్న మనకు వీటితో పెద్ద అవసరమే ఉంది. ధర్మపురి, కృష్ణగిరి జిల్లాల్లో చాలా చోట్ల భూగర్భ జలంలో ఫ్లోరైడ్ ఎక్కువ. దానికి రంగు లేదు, వాసన లేదు. ఒంట్లో ఎంత చేరిందో ఈ సూచికలే చెప్పాలి.

మన దేశంలో ఫ్లోరోసిస్ వ్యాధి ముందుగా పశువుల్లోనే బయటపడింది. 1930ల్లో అప్పటి నెల్లూరు జిల్లాలో, తరవాత ప్రకాశం జిల్లాలో చేరిన ప్రాంతంలో, ఎద్దులు కీళ్ళు బిగిసి నడవలేకపోవడం రైతులు గమనించారు. 1937లో షార్ట్ అనే వైద్యుడు, ఆయన సహచరులు అక్కడి మనుషుల్లోనూ ఈ వ్యాధిని గుర్తించి ప్రకటించారు.

ఈ వ్యాధికి ముఖ్యమైన సూచికలు మూడు: పళ్ళు, మూత్రం, ఎముకలు. ఒక్కొక్కటి ఒక్కో కాలానికి సాక్ష్యం.

పళ్ళు చెప్పేది గడిచిన కాలం సంగతి. చిగురు లోపల పన్ను తయారయ్యే వయసులో, అంటే సుమారు ఎనిమిదేళ్ళ లోపు, ఫ్లోరైడ్ ఎక్కువైతే పంటిపై మచ్చలు, గారలు ఏర్పడతాయి. తరవాత మంచి నీళ్ళు తాగినా అవి పోవు. పశువుల్లో కింది దవడ ముందు పళ్ళు చూడాలి. పాలపళ్ళపై మచ్చలు అరుదు కాబట్టి దూడ పళ్ళు తెల్లగా ఉన్నంత మాత్రాన ధీమా పడకూడదు. సంతలో కొన్న ఆవు పళ్ళపై మచ్చలుంటే అవి అది పెరిగిన ఊరి నీటివి, మన తొట్టి నీటివి కావు.

మూత్రం చెప్పేది ఇటీవలి సంగతి. పెద్దవాళ్ళ ఒంట్లోకి చేరిన ఫ్లోరైడ్‌లో సుమారు సగం మూత్రంలో పోతుంది, మిగిలినది ఎక్కువగా ఎముకల్లో చేరుతుంది. గాజుతో ఫ్లోరైడ్ కలిసిపోతుంది కాబట్టి పరీక్షకు మూత్రాన్ని ప్లాస్టిక్ సీసాలోనే పట్టాలి.

ఎముకలు ఏళ్ళ తరబడి కూడిన లెక్క. అది ఎక్స్‌రేలో కనిపిస్తుంది.

పరిశోధనకూ మూత్రమే ఆధారం. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు చింతపండు ప్రభావాన్ని ముందు కుక్కల్లో, తరవాత బడి పిల్లల్లో పరిశీలించారు. చింతపండు తిన్న పిల్లల మూత్రంలో ఫ్లోరైడ్ ఎక్కువగా బయటికి పోయిందని 2002లో ప్రకటించారు. అయితే చింతపండు మందు అనుకోకూడదు. అసలు మందు మంచి నీరే.

ఆ మంచి నీటి కోసమే హొగేనకల్ పథకం వచ్చింది. 2013లో ప్రారంభమై రెండు జిల్లాలకు కావేరి నీళ్ళు అందిస్తోంది. “కుళాయి వచ్చి ఇన్నేళ్ళయింది, మా పెద్దమ్మాయి పళ్ళ గార పోలేదే, ఈ నీళ్ళ వల్ల ఏం లాభం?” అని ఏ తల్లి అయినా అడిగితే జవాబు ఇదే: ఆ గార పాత నీటిది. కొత్త నీటి ఫలితం చూడాలంటే చిన్నపిల్లలకు వచ్చే కొత్త పళ్ళు చూడాలి, మూత్రం పరీక్ష చేయించాలి. ఎముకల్లో దాగినది మెల్లగా బయటికి వస్తుంది కాబట్టి మూత్రంలోనూ ఒక్కసారిగా తగ్గదు. గార పోలేదని మళ్ళీ బోరు నీళ్ళకు మళ్ళితే పసివాళ్ళకు నష్టం.

రైతు సోదరులారా, ఇంట్లో కుళాయి నీళ్ళు తాగుతూ పశువుల తొట్టిలో బోరు నీళ్ళే పోస్తుంటే ఆ నీటినీ పరీక్ష చేయించండి. పశువు కుంటితే, కాలి ఎముకపై గడ్డ కనిపిస్తే పశువైద్యునికి చూపించండి. కుంటడానికి వేరే కారణాలూ ఉంటాయి, అందుకని ఒక్క గుర్తుతో తేల్చకూడదు. పాలలోకి ఫ్లోరైడ్ చేరేది బహు తక్కువ, ఆ భయం అక్కర్లేదు.

మనుషుల విషయంలోనూ అంతే. నీరు, మూత్రం, ఎక్స్‌రే మూడూ చూసి వైద్యుడు నిర్ణయించాలి. పళ్ళు నిన్నటి మాట చెబుతాయి, మూత్రం నేటి మాట చెబుతుంది. రేపటి మాట మాత్రం మనం ఏ నీళ్ళు తాగుతాం, ఏ నీళ్ళు తాగిస్తాం అన్నదానిపై ఉంటుంది.