గోధుమ మానితే నరాల జబ్బు పోతుందా?

చింతలపూడి (మా విలేఖరి): వరి అన్నం, జొన్నన్నం, చోడంబలి తిని పెరిగిన మెట్ట ప్రాంతం వారికి గోధుమ మానడం పెద్ద పనేమీ కాదు. దానితోపాటు మందులు కూడా మానేయకుండా ఉండటమే అసలు పని. ఈ మాట అంటున్నది మల్టిపుల్ స్క్లీరోసిస్ అనే నరాల జబ్బుతో ఏళ్ళ తరబడి వేగుతున్న చింతలపూడి మండలంలోని ఒక గృహిణి. ఆమె ఈ విలేఖరికి పెదనాన్న కూతురు.

కంటితో మొదలు

2018 వేసవిలో ఆమెకు ఒక కన్ను మసకబారింది. కళ్ళజోడు పెట్టుకుంటే సరిపోతుందనుకున్నారు. నెలన్నరలో చూపు దానంతట అదే వచ్చింది. మరుసటి ఏడు కాళ్ళు తిమ్మిరెక్కి, బురదలో దిగబడినట్టు నడక తడబడింది. పక్షవాతమని కొందరు, గాలి సోకిందని కొందరు అన్నారు. ఏలూరులో ఒక వైద్యుని సలహాపై విజయవాడ వెళ్ళి తలకు, వెన్నుకు స్కానింగు తీయించగా అసలు జబ్బు తేలింది.

కరెంటు తీగకు రబ్బరు తొడుగు ఉన్నట్టే మెదడు, వెన్నుపాములలోని నరాలకు మైలీన్ అనే పొర ఉంటుంది. శరీరాన్ని కాపాడవలసిన రక్షణ శక్తే దారి తప్పి ఆ పొరను దెబ్బతీస్తుంది. పారిస్ వైద్యుడు షార్కో 1868లోనే ఈ జబ్బును వివరించాడు. 20 నుంచి 40 ఏళ్ళ లోపు వారికి, అందునా మగవారికంటే ఆడవారికి ఎక్కువగా వస్తుంది. ఇది అంటువ్యాధి కాదు.

నాటక రచయిత కథ

గోధుమ, బార్లీ, రై ధాన్యాలలో గ్లూటెన్ అనే జిగురు మాంసకృత్తు ఉంటుంది. స్కాట్లండు నాటక రచయిత రోజర్ మెక్‌డూగల్‌కు 1953లో ఈ జబ్బు ఉన్నట్టు తేలింది. గ్లూటెన్ లేని ఆహారంతో తాను కోలుకున్నానని ఆయన తరువాత ప్రకటించడంతో ఆ పథ్యానికి ప్రచారం వచ్చింది. అయితే ఈ జబ్బు చాలామందిలో ఒకసారి విరుచుకుపడి, కొన్నాళ్ళు తనంత తానే తగ్గి, మళ్ళీ వస్తుంది. కనుక తగ్గినది పథ్యం వల్లనేనని చెప్పలేమని వైద్యులు అన్నారు. గ్లూటెన్ మానితే ఈ జబ్బు నయమవుతుందని నేటికీ రుజువు కాలేదు.

గ్లూటెన్ తప్పనిసరిగా మానవలసిన జబ్బు వేరే ఉంది. అది పేగులకు వచ్చే సీలియాక్ వ్యాధి. అనుమానం ఉన్నవారు గోధుమ మానకముందే రక్తపరీక్ష చేయించుకోవాలి. మానిన తరువాత చేయిస్తే జబ్బు ఉన్నా బయటపడకపోవచ్చు.

మందు మానిన ఫలితం

మన ఇంటి ఆడపడుచుకూ ఒక బంధువు ఈ గోధుమ సంగతి చెప్పాడు. ఆమె చపాతీ, ఉప్మా మానింది. నాలుగు నెలలు హాయిగా ఉంది. ఇక మాత్రలెందుకని అవీ మానింది. ఆ ఏడు సంక్రాంతి వెళ్ళిన వారానికే ఎడమకాలు పడిపోయింది. ఆసుపత్రిలో స్టీరాయిడ్ ఇంజక్షన్లు ఇచ్చాక లేచి నడిచింది గాని, ఆ కాలికి మునుపటి సత్తువ రాలేదు.

మళ్ళీ మళ్ళీ విరుచుకుపడకుండా అదుపు చేసే మందులు 1993 నుంచి వాడుకలో ఉన్నాయి. పూర్తిగా నయం చేసే మందు మాత్రం ఇంకా లేదు. బాగున్నట్టు అనిపించినా వైద్యుని అడగకుండా మందు ఆపరాదు.

వంటింట్లో జాగ్రత్తలు

ఆమె ఇప్పటికీ గోధుమ ముట్టదు. అది ఆమె ఇష్టం. ఇడ్లీ, దిబ్బరొట్టె, జొన్నరొట్టె, మొక్కజొన్న, పూతరేకులు నిశ్చింతగా తినవచ్చు. పెసరట్టు మంచిదే గాని లోపల పెట్టే బొంబాయి రవ్వ ఉప్మా గోధుమే. సేమియా, రస్కు, బిస్కట్టు, తాపేశ్వరం కాజా కూడా ఆ కోవలోవే. ఇంగువ పొడిలో సైతం గోధుమపిండి కలుపుతుంటారు. పిండిమరలో గోధుమలు ఆడిన వెంటనే జొన్నలు ఆడిస్తే ఆ పిండీ కలుస్తుంది. అట్ట మీద గ్లూటెన్ లేనిదని ముద్రించాలంటే కిలోకు 20 మిల్లీగ్రాములకు మించి ఉండరాదని మన దేశంలో నిబంధన.

తిండికంటే ఆమెను బాధించేది ఎండ. ఒళ్ళు వేడెక్కితే ఈ జబ్బు లక్షణాలు ముదిరినట్టు కనిపించి, చల్లబడితే సర్దుకుంటాయి. అందుకే వేసవిలో ఆమె పనులన్నీ తెల్లవారుజామునే ముగించి, మధ్యాహ్నం మెడపై తడిగుడ్డ వేసుకుని నీడపట్టున కూర్చుంటుంది.

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ఈ జబ్బును గుర్తించిన వైకల్యాల జాబితాలో చేర్చింది. వైద్య బోర్డు ధ్రువపత్రం పొందవచ్చునన్న సంగతి పల్లెల్లో చాలామందికి తెలియదు. బాధితులు ఈ అవకాశాన్ని వినియోగించుకోవలసిన అవసరం ఎంతైనా ఉంది.

‘‘చపాతీ మానడం నా ఇష్టంరా తమ్ముడూ. మందు మానడం మాత్రం నా ఇష్టం కాదు. ఆ తేడా తెలియడానికి ఒక కాలు ఖర్చయింది. నీ పేపర్లో ఆ మాట రాయి’’ అన్నది ఆమె.