తేలు గుట్టు విప్పే వెంట్రుకలు

అరిజోనాలోని ఫీనిక్స్ నుంచి ఒక పాఠకుడు ఫోటో పంపి, ఇసుక బొరియలోంచి రాత్రిపూట బయటికొచ్చిన ఈ పెద్ద తేలు ఏ జాతిదని అడిగారు. పసుపుపచ్చ కాళ్ళు, నల్లటి వీపు, తోక నిండా బిరుసు వెంట్రుకలు. సొనోరన్ ఎడారిలో బొరియలు తవ్వుకుంటూ 14 సెంటీమీటర్ల దాకా పెరిగే హాడ్రూరస్ అరిజోనెన్సిస్ కావచ్చు. రంగును నమ్మి పండితులే బోల్తాపడ్డారు కాబట్టి ‘కావచ్చు’ దగ్గరే ఆగుతున్నాను. ఈ జాతిలోనే లేత రంగువాటిని 1970లో ఉపజాతిగా విడదీశారు. తర్వాత వచ్చినవాళ్ళు ఆ విభజనను కొట్టేశారు.

అసలు సాక్ష్యం డెక్కలున్న ముందరి చేతుల మీద ఉంది. అక్కడి మామూలు వెంట్రుకల నడుమ సన్నగా, పొడవుగా మరికొన్ని కనిపిస్తాయి. వీటి పేరు ట్రైకోబోత్రియా. ఒక్కొక్కటీ చిన్న గిన్నెలాంటి గుంటలోంచి లేచి, ఊపిరి తగిలినా ఊగుతుంది. అదీ ఎటుపడితే అటు కాదు, ముఖ్యంగా ఒకే వాలులో. ఒక్కోదాని వాలు ఒక్కో దిక్కుకు. ఏది ఎంత ఊగిందో బేరీజు వేసుకుని, కటిక చీకట్లో ఎగిరే పురుగును తేలు గాల్లోనే అందుకోగలదు!

ఇంతకంటే నన్ను కట్టిపడేసేది వాటి లెక్క. తల్లి వీపు దిగిన పిల్లకు ఎన్ని ఉంటాయో ముదురు తేలుకూ అన్నే, అవే చోట్ల. పారిస్ మ్యూజియంలోని శాస్త్రవేత్త మాక్స్ వషాన్ 1970ల మొదట్లో వీటికి పటాలు గీసి, తేళ్ళను మూడు నమూనాలుగా తేల్చాడు. ‘ఎ’ నమూనాలో ఒక్కో చేతికి మూలసంఖ్య 39, ‘బి’లో 37, ‘సి’లో 48. హాడ్రూరస్ ‘సి’ వర్గానిదే కానీ 48తో ఆగదు, దానికి అదనంగా ఎన్నో ఉంటాయి. అవి చేతికి ఏ పక్కన, ఏ వరుసలో ఉన్నాయన్నదే దాని చిరునామా. అతినీలలోహిత దీపం వేస్తే చాలనుకునేవాళ్ళు గుర్తుంచుకోవాలి: ఆ వెలుగులో తేళ్ళన్నీ నీలిపచ్చగానే మెరుస్తాయి. ఆ మెరుపు గురించి 1954లోనే రాసినవాళ్ళలో వషాన్ కూడా ఒకడు. జాతి తేల్చడానికి మాత్రం ఆయన వెంట్రుకలే లెక్కపెట్టాడు.

ఉపయోగమేమిటని అడుగుతారు, తప్పదు. అరిజోనాలో ప్రమాదకరమైనది బొరియలోని ఈ భారీ తేలు కాదు, చెట్ల బెరళ్ళలో దాగే సన్నటి సెంట్రురాయిడెస్. అది ‘ఎ’ నమూనా. ప్రమాదకరమైన మన ఎర్రతేలూ అంతే. చూడగానే హడలగొట్టినా అంత ప్రమాదం లేని మండ్రగబ్బ ‘సి’లోది.